పెళ్లి ఫోటోలు ట్యాబ్ మీద ఏరడం: నా అనుభవం

పెళ్లి ఫోటోలు తీసేవాడికి పెళ్లి రోజు పెద్ద కష్టమేమీ ఉండదు. అసలు కష్టం ఆ తర్వాత, ఆల్బమ్‌కి ఫోటోలు ఏరించుకునేటప్పుడు. ఒక పెళ్లికి మూడు వేల పైచిలుకు తీస్తాం. కరిజ్మా ఆల్బమ్‌లో (ఒక్కో షీటు మీద కొన్ని ఫోటోలు కలిపి డిజైన్ చేసి అచ్చువేసేది) పట్టేవి మూడు వందలు, మహా అయితే ఇంకో యాభై. అవేవో చెప్పండని పెన్‌డ్రైవ్ ఇచ్చి పంపిస్తే, కొన్ని ఇళ్లల్లో అమ్మాయి సీమంతం నాటికి కూడా జవాబు రాదు. వచ్చినప్పుడు ఎలా వస్తుందంటే, నోటుపుస్తకం కాగితం మీద ఫోటో నంబర్లు రాసి, దాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతారు. అందులో ఒకటేదో ఏడేదో ఎంత పెద్దది చేసి చూసినా తేలదు.

మా స్టూడియో నరసరావుపేటలో. ఈ ఏరే పనంతా ఇప్పుడు ట్యాబ్ మీదికి మార్చేశాను. ట్యాబ్ కొంటున్నానంటే తోటి ఫోటోగ్రాఫర్లందరూ ఎడిటింగ్ గురించే అడిగారు. ఎడిటింగ్ సంగతి తర్వాత. నాకు మాత్రం ట్యాబ్ ముందు చేట, బియ్యంలో రాళ్లేరే చేట లాంటిది. ఒళ్లో పెట్టుకుని పక్కనున్నవాళ్లతో కబుర్లాడుతూ ఏరుకోవచ్చు.

నాది 2022లో వచ్చిన పదో తరం ఐప్యాడ్, 256 జీబీది. దీనికి టైప్-సి పోర్టు ఉన్నా లోపల వేగం పాత యూఎస్‌బీ 2దే, సెకనుకు 480 మెగాబిట్లు. అంటే నిండిన 64 జీబీ కార్డుని ఎక్కించడానికి లెక్క ప్రకారమే పద్దెనిమిది నిమిషాలు పడుతుంది, నిజానికి ఇంకా ఎక్కువే. నా కెమెరా 24 మెగాపిక్సెల్‌ది. ఒక్కో రా ఫైలు (కెమెరా పట్టింది పట్టినట్టు దాచే పెద్ద ఫైలు) పాతిక ముప్పై ఎంబీ తూగుతుంది. మూడు వేలు ఎక్కిస్తే ట్యాబ్‌లో మూడో వంతు దానికే పోతుంది. అందుకని కెమెరాలో రెండు కార్డుల సదుపాయాన్ని వాడుకుంటున్నాను. ఒకదాంట్లోకి రా, రెండోదాంట్లోకి జేపెగ్, అంటే కుదించిన చిన్న ఫైలు. జేపెగ్ కార్డు ట్యాబ్‌కి, రా కార్డు స్టూడియో కంప్యూటర్‌కి. రా ఫైళ్లు రెండు వేరు వేరు హార్డ్ డిస్కుల్లో పడ్డాకే మిగతా పని. ఆల్బమ్ పెళ్లివారి చేతికి అందేదాకా కార్డు ఫార్మాట్ చేయను. ఏరిన జేపెగ్‌ల పేర్లూ రా ఫైళ్ల పేర్లూ ఒకటే కాబట్టి కంప్యూటర్‌లో జత కుదర్చడం తేలిక.

ఇదంతా 2019లో ఐప్యాడ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, ఐప్యాడ్ ఓఎస్ 13 వచ్చాక సాధ్యమైంది. అంతకుముందు కార్డు పెడితే ఫోటోలన్నీ ముందు ఫోటోస్ యాప్‌లోకే దిగేవి. ఇప్పుడు కార్డుని ఫైల్స్ యాప్‌లోనే తెరవొచ్చు, లైట్‌రూమ్‌లోకి (ఫోటోలు ఏరి దిద్దుకునే యాప్) నేరుగా తెచ్చుకోవచ్చు. తెచ్చుకునే ముందు సింక్ ఆపుకోవడం మంచిది, లేకపోతే మూడు వేల ఫోటోలూ క్లౌడ్‌లోకి ఎక్కడం మొదలుపెడతాయి, ఆ రోజు డేటా ఆ ఒక్కదానికే సరి.

మొదటి ఏరివేత నేనొక్కడినే చేస్తాను. లైట్‌రూమ్‌లో ఇందుకోసమే ఒక వీక్షణ ఉంది. ఫోటో తెర నిండా ఉంటుంది, ఒక పక్క వేలు పైకీ కిందికీ జరిపితే ఏరినట్టు గుర్తుగా జెండా పడుతుంది లేదా పోతుంది, ఇంకో పక్క జరిపితే నక్షత్రాలు. అడ్డంగా తోస్తే తర్వాతి ఫోటో. మౌస్‌తో ఈ పని చేసేటప్పుడు మణికట్టు నొప్పి పుట్టేది, ఇక్కడ ఆ బాధ లేదు.

ఎక్కువసేపు పట్టేది తలంబ్రాల దగ్గర. గింజలు గాల్లో నిలిచినట్టు కనిపించాలంటే షట్టర్ వేగం సెకనులో 1/500 పైన పెట్టి గుక్క తిప్పుకోకుండా తీస్తాం కాబట్టి ఆ పది నిమిషాల్లోనే వందల ఫ్రేములు. ఒకదాంట్లో నవ్వు బ్రహ్మాండం, కానీ సరిగ్గా కంటి మీద బియ్యపు గింజ. ఇంకోదాంట్లో గింజలు చక్కగా పరుచుకున్నాయి, పెళ్లికొడుకు తల దించేశాడు. మరోదాంట్లో అన్నీ కుదిరాయి, వెనకాల మగపెళ్లివారి ఫోటోగ్రాఫర్ మోచెయ్యి. (వాళ్లకి వాళ్ల ఫోటోగ్రాఫర్ వేరే ఉంటాడు కదా. అతని ఆల్బమ్ నిండా నా మోచెయ్యి ఉంటుందని నాకు తెలుసు.) రెండు వేళ్లతో లాగి కళ్లు పదునుగా ఉన్నాయో లేదో చూడటం, మళ్లీ వదిలేయడం, ఇదే పని. ఈ చిన్న కదలికలో ట్యాబ్‌ని కొట్టేది లేదు. మూడు వేలూ ఆరేడు వందలకి దిగాక ఇంటివాళ్లని పిలుస్తాను.

ఇక్కడే అసలు విషయం. జెండాలు నావి, నక్షత్రాలు వాళ్లవి. నేను చూసేది వెలుగు, ఫోకస్, ముఖంలో భావం. వాళ్లు చూసేది ఎవరున్నారు, ఎవరు లేరు. రెండూ ఒకే గుర్తుతో పెడితే ఎవరి మాట ఏదో తెలియకుండా పోతుంది.

అమ్మాయి, వాళ్లమ్మ, ఒక పిన్ని, ఎప్పుడూ ఒక బాబాయి గారు, వీళ్లు వస్తారు. ట్యాబ్ అమ్మాయి చేతికిస్తాను. చదివింపుల దగ్గర తీసిన ఒక ఫోటో, ఫోకస్ కొంచెం తప్పిందని నేను జెండా తీసేసింది, ఏదో వెతుకుతుంటే వాళ్లమ్మ కంటపడింది.

"ఇదేంటి తమ్ముడూ, దీన్ని తీసేశావా? మా ఆడపడుచు ఉన్నది ఈ ఒక్కదాంట్లోనే."

"అందులో మసగ్గా ఉందమ్మా."

"మసగ్గా ఉంటే ఉండనీ. లేకపోతే ఆవిడ ఊరుకుంటదా?"

దానికి అయిదు నక్షత్రాలు పడ్డాయి. తర్వాత నేను ఫిల్టర్ పెట్టి చూసుకునేది ముందుగా వీటినే: నక్షత్రాలు ఉండి జెండా లేనివి. అవి ఆల్బమ్‌లో తప్పనిసరి, కానీ చిన్న సైజులో, నలుగురైదుగురి మధ్య ఒద్దికగా పెట్టాలి. జెండా ఉండి నక్షత్రాలు లేనివి నాకు నచ్చినవి, వాళ్లకి అక్కర్లేనివి. వాటిలో ఒకటో రెండో పోరాడి పెట్టిస్తాను, మిగతావి వదిలేస్తాను. రెండూ ఉన్నవి పెద్దవిగా పడతాయి. పెన్‌డ్రైవ్ రోజుల్లో నెలలు పట్టిన పని ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతోంది. ట్యాబ్ ఇంటికి పంపమంటారు కొందరు, అందరూ కలిసి చూస్తామని. పంపను. ఇంటికి వెళ్తే అది మళ్లీ పెన్‌డ్రైవే.

ఇక దిద్దడం. ఇందులో ముందు తెర సంగతి చూసుకోవాలి. ట్రూ టోన్ గదిలో వెలుగుని బట్టి తెర రంగు మారుస్తుంది, నైట్ షిఫ్ట్ రాత్రయ్యేసరికి పసుపు పులుముతుంది. చదువుకోవడానికి రెండూ హాయి, ఫోటోలకి మాత్రం రెండూ ఆపాల్సిందే. ఆటో బ్రైట్‌నెస్ కూడా. తెర వెలుగు ఎంత ఉండాలనేదానికి నా పద్ధతి ఇది. ల్యాబ్ నుంచి వచ్చిన ఒక పాత ఆల్బమ్ షీటుని ట్యూబ్‌లైట్ కింద పెట్టి, అదే ఫోటోని ట్యాబ్‌లో తెరిచి, రెండూ ఒకే తీరుగా కనిపించేదాకా వెలుగు తగ్గించాను. సగం కన్నా కిందే ఆగింది. నిండు వెలుగులో దిద్దిన ఫోటో తెర మీద వెలిగిపోతుంది, కాగితం మీద నల్లబడుతుంది. ప్రో, ఎయిర్ రకాల్లో ఉండే పీ3 తెర (మామూలు తెర కన్నా ఎక్కువ రంగులు చూపేది) ఇంకా గాఢమైన ఎరుపులు చూపిస్తుంది. మా ల్యాబ్ తీసుకునేది ఎస్ఆర్‌జీబీ (మామూలు తెరల రంగుల పరిధి) జేపెగ్ కాబట్టి నా మామూలు తెరతో నాకు నష్టం లేదు.

ఫంక్షన్ హాళ్ల ఎల్ఈడీలు ఒకచోట ఊదా, ఒకచోట ఆకుపచ్చ. ఆ వెలుగులో తెలుపు ఏదో తేల్చుకోవడానికి మన పెళ్లిళ్లలో ఒక వరం ఉంది, మధుపర్కాలు. నూలు బట్ట, తెల్లన. వైట్ బ్యాలెన్స్ డ్రాపర్‌ని (ఇదే తెలుపు అని యాప్‌కి చూపించే గుర్తు) దాని మీద పెడితే రంగు చాలావరకు దారికొస్తుంది. పసుపు అంటిన అంచు మీద మాత్రం పెట్టకూడదు, ముఖాలు నీలంగా తేలతాయి. అదే మధుపర్కం ఎక్స్‌పోజర్‌కి (ఫోటోలో వెలుగు మోతాదుకి) మాత్రం శత్రువు, వీడియో లైటు పడితే నేత కనపడకుండా తెల్లగా కాలిపోతుంది. ఎక్స్‌పోజర్ స్లైడర్‌ని రెండు వేళ్లతో పట్టుకుని జరిపితే ఎక్కడ కాలిందో తెర మీద కనిపిస్తుంది. అలాంటివి జేపెగ్‌తో తేలవు, ఆ కొన్నిటికి రా ఫైళ్లు తెచ్చుకుంటాను.

బాసికం నీడ ముఖం మీద పడినప్పుడు మనుషులని గుర్తుపట్టే మాస్క్ (ఫోటోలో ఒక భాగాన్నే దిద్దనిచ్చేది) బాగా పనికొస్తుంది. 2022 నుంచి లైట్‌రూమ్‌లో ఉంది. ముఖం చర్మాన్ని విడిగా పట్టుకుని కొంచెం లేపుతుంది. చుట్టూ బంధువులు మూగిన ఫ్రేముల్లో మాత్రం ఆపిల్ పెన్సిల్‌తో నేనే గీసుకుంటాను. ట్యాబ్‌తో పాటు టైప్-సి పెన్సిల్ కొనేవాళ్లు ఒకటి తెలుసుకోండి, దానికి ఒత్తిడిని గుర్తించే గుణం లేదు. మొదటి తరం పెన్సిల్‌కి ఉంది, కానీ ఈ ఐప్యాడ్‌కి అడాప్టర్ కావాలి.

మాస్క్ చూసిన బాబాయి గారు, "అమ్మాయిని కాస్త తెల్లగా చెయ్యి బాబూ" అన్నారు. ఈ మాట ప్రతి ఇంట్లోనూ వస్తుంది. నీడ తీస్తానండీ, రంగు మార్చను అని చెప్తాను. నిజానికి నీడ తీస్తే వాళ్లకి కావాల్సింది చాలావరకు అందులోనే వచ్చేస్తుంది. అమ్మాయి ఎదురుగా ఉంటే మాత్రం ఆ మాట అనడానికి కాస్త వెనకాడుతున్నారు, అది ట్యాబ్ చుట్టూ అందరూ కలిసి కూర్చోవడం వల్లే అనుకుంటాను.

ఆల్బమ్ షీట్లు ఇంకా కంప్యూటర్ మీదే. ఒక్కో షీటు 12 బై 36 అంగుళాలు, 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర 3600 బై 10800 పిక్సెళ్లు. పొరల మీద పొరలున్న పీఎస్‌డీ (ఫోటోషాప్) డిజైన్లతో ట్యాబ్ మీద పేచీ పడే ఓపిక నాకు లేదు. పైగా అట్ట మీద పెళ్లికొడుకు, పెళ్లికూతుళ్ల పేర్లు అను ఫాంట్లలో (డీటీపీలో వాడే తెలుగు ఫాంట్లు) పడాలి, అవి నేను విండోస్‌లోనే టైపు కొడతాను.