తరగతిలో ఎన్నిక: ఓటరు జాబితా నుంచి లెక్కింపు దాకా నేను చేయించే పద్ధతి

ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఎన్నికల పాఠం వచ్చినప్పుడు ఎక్కువగా జరిగేది ఒకటే. ముగ్గురు పిల్లల్ని లేపి ప్రసంగాలు చెప్పించి, మిగతావాళ్లతో చేతులెత్తించి లెక్కపెట్టేస్తాం. పీరియడ్‌లో పని అయిపోతుంది, పిల్లలూ సంతోషిస్తారు. కానీ ఎన్నికంటే మైకులో మాట్లాడటం, ఎవరో ఒకరు గెలవడం అనే అభిప్రాయమే వాళ్లకు మిగులుతుంది. అది వాళ్లకు టీవీలో చూసి ముందే తెలుసు.

అసలు ఎన్నికల్లో ప్రిసైడింగ్ అధికారి (పీఓ)గా, ఆయన సహాయకుడు (ఏపీఓ)గా, మిగతా పోలింగ్ అధికారులు (ఓపీఓ)గా పోలింగ్ కేంద్రాల్లో కూర్చునేది టీచర్లమైన మనమే. అక్కడ ప్రసంగాలుండవు. జాబితా, సంతకాలు, సీళ్లు, లెక్క ఉంటాయి. ఓడినవాడు ఫలితాన్ని ఒప్పుకునేది వాటివల్లే. పౌరశాస్త్రం పాఠం కూడా అక్కడే ఉందని నా ఉద్దేశం. అందుకని ప్రచారానికి ఒక్క పీరియడ్ ఇచ్చి, మిగతా ఏడూ కాగితాల పనికి పెట్టుకుంటాను. పోలింగ్‌కు మాత్రం రెండు పీరియడ్లు పక్కపక్కనే దొరకాలి. టైం టేబుల్ చూసే సారుతో వారం ముందే మాట్లాడుకోకపోతే దొరకవు.

ఎన్నుకునే పదవి నిజమైనదై ఉండాలి, చిన్నదిగా ఉండాలి. ఉత్తుత్తి ముఖ్యమంత్రిని ఎన్నుకోమంటే రెండో రోజుకే ఆసక్తి పోతుంది. క్లాసు లీడరు ఎన్నికైతే వీధులు, కులాలు, హాస్టల్ పిల్లలు, బస్సు పిల్లలు అంటూ చీలిపోతారు. ఆటల సామాను చూసుకోవడం, లైబ్రరీ పుస్తకాలు ఇవ్వడం లాంటి బాధ్యత సరిపోతుంది. అదీ ఒక్కరి పేరున కాకుండా నలుగురు నలుగురుగా జట్లు కట్టించి నిలబెడతాను. రెండే ఓట్లు వచ్చిన అభ్యర్థిని ఆ సంవత్సరమంతా ఏడిపిస్తారు, జట్టుకు వస్తే నలుగురూ పంచుకుంటారు.

మొదటి పని ఓటరు జాబితా. వరస సంఖ్య, పేరు, తల్లి లేదా తండ్రి పేరు, రోల్ నంబరు రాసి ముసాయిదా నోటీసు బోర్డుకు అంటిస్తాను. కావాలనే అందులో కొన్ని తప్పులు పెడతాను: ఇద్దరి పేర్లు ఉండవు, ఒక పేరు రెండుసార్లు వస్తుంది, టీసీ తీసుకుని వెళ్లిపోయిన పిల్లవాడి పేరు అలాగే ఉంటుంది, ఒక ఇంటిపేరులో అక్షరం తప్పుతుంది. అభ్యంతరాలకు రెండు రోజుల గడువు. కొత్తగా చేర్చడానికి ఫారం 6, తీసేయమనడానికి ఫారం 7, సవరణకు ఫారం 8. అసలు నంబర్లే వాడతాను, రేపు పద్దెనిమిదేళ్లు నిండినప్పుడు ఎటూ అవే కావాలి. పేరు లేని పిల్లలు తమంతట తాము చూసుకుని వస్తారా లేదా అన్నదే ఇక్కడ పరీక్ష. గడువు దాటాక వస్తే పోలింగ్ రోజున ఓటు ఉండదు. ఐడీ కార్డు చూపిస్తారు, ఏడుపు ముఖం పెడతారు. కార్డు ఉంటే చాలదని, జాబితాలో పేరుండాలని అప్పుడు బాగా తలకెక్కుతుంది. అలా మిగిలిపోయినవాళ్లను పోలింగ్ సిబ్బందిలో వేసుకుంటే ఊరికే కూర్చోవాల్సిన పని ఉండదు.

చరిత్ర పాఠం ఇక్కడే అందుకుంటాను. ఇంటికెళ్లి నాయనమ్మ, అమ్మమ్మల పేర్లు ఓటరు కార్డులో ఎలా ఉన్నాయో అలాగే రాసుకురమ్మంటే, ఆ పేర్లు అంతవరకు తెలియని పిల్లలు ప్రతి సెక్షన్‌లోనూ ఉంటారు. మర్నాడు 1951-52 మొదటి సాధారణ ఎన్నికల సంగతి చెబుతాను. జాబితా రాసేవాళ్లు ఇంటికి వస్తే, చాలామంది ఆడవాళ్లు సొంత పేరు చెప్పకుండా ఫలానావారి భార్యను, ఫలానావారి కూతురిని అని మాత్రమే రాయించుకున్నారు. అలాంటి పేర్లు ఉంచడానికి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ఒప్పుకోలేదు. దాదాపు 28 లక్షల మంది స్త్రీలు జాబితా నుంచి పోయారు, ఎక్కువగా బీహారు, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, రాజస్థాన్ వైపు. ఆయన చేసింది సరైనదేనా అని అడిగి వదిలేస్తే చాలు, మిగతా పీరియడ్ పిల్లలే నడుపుతారు. వయోజన ఓటు హక్కు గురించి 326వ అధికరణం చదివించడానికి ఇంతకంటే మంచి సమయం ఉండదు.

నామినేషన్లకు అరపూట చాలు. ప్రతిపాదించేవారి పేరు జాబితాలో ఉండాలి, గళ్లన్నీ నింపాలి, పేరు జాబితాలో ఉన్నట్టే ఉండాలి. అసెంబ్లీకి పోటీ చేసేవారికి గుర్తింపు పొందిన పార్టీ అయితే ఒక ప్రతిపాదకుడు, లేకపోతే పది మంది కావాలని పక్కన చెబుతాను. పరిశీలన అందరి ముందూ చేయాలి, తిరస్కరిస్తే కారణం రాతలో ఉండాలి. గుర్తుల విషయంలో మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. సైకిల్, ఫ్యాన్, కారు, గాజు గ్లాసు, చెయ్యి, కమలం ఎవరూ పెట్టరు. కానీ చీపురు, గడియారం, గాలిపటం పొరపాటున దొర్లిపోతాయి, అవీ పార్టీల గుర్తులే. పలక లాంటివి ఇస్తే ఏ ఇంటినుంచీ ఫోను రాదు.

ప్రచార ఖర్చుకు పరిమితి: జట్టుకు రెండు చార్టులు, ఒక స్కెచ్ పెన్ను. చాక్లెట్లు పంచారని ఫిర్యాదు రావడం ఖాయం. దాన్ని తిట్టి ముగించకుండా, ఇద్దరు సాక్షుల పేర్లతో రాతపూర్వకంగా ఇమ్మంటాను. సగం ఫిర్యాదులు అక్కడే ఆగిపోతాయి. ఎందుకు ఆగిపోయాయన్నది కూడా మాట్లాడుకోవాల్సిన విషయమే. పోలింగ్ ముగిసే సమయానికి 48 గంటల ముందు ప్రచారం ఆగిపోవాలన్న నియమాన్ని ఒక రోజుకు కుదించి పాటిస్తాం.

అసలు పోలింగ్‌కు ముందు ఒక పీరియడ్‌లో 1952 పద్ధతిలో ఓటు వేయిస్తాను. అప్పట్లో బ్యాలెట్ మీద ముద్ర వేసే పని లేదు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. తెర వెనక్కి వెళ్లి కాగితాన్ని నచ్చిన పెట్టెలో వేయడమే. చదువురాని ఓటర్లే ఎక్కువైన దేశానికి అది సులువు. మూడు చెప్పుల డబ్బాలకు పైన సన్నగా చీలిక కోసి, గుర్తులు అంటించి, కిటికీ లేని మూలలో బెంచీ మీద పెడితే ఏర్పాటు అయిపోయినట్టే. ఇద్దరు పిల్లలకు ముందే రహస్యంగా పని అప్పజెబుతాను: ఒకరు కాగితాన్ని ఏ పెట్టెలోనూ వేయకుండా బెంచీ మీద వదిలేయాలి, ఇంకొకరు జేబులో పెట్టుకుని బయటికొచ్చి స్నేహితుడికి ఇవ్వాలి. ఆ స్నేహితుడు రెండు కాగితాలూ ఒకే పెట్టెలో వేస్తాడు. లెక్క తీసేటప్పుడు బెంచీ మీద దొరికిన కాగితాన్నీ కలుపుకుంటే మొత్తం సరిపోతుంది, మోసం మాత్రం కనబడదు. ఈ పద్ధతిని ఎందుకు మార్చాల్సి వచ్చిందో పిల్లలే చెబుతారు. 1957లోనూ ఇదే నడిచింది, ఒకే కాగితం మీద అందరి గుర్తులూ పెట్టి ముద్ర వేయించడం 1962 సాధారణ ఎన్నికలకు దేశమంతా వచ్చింది. వేలికి మైసూరులో తయారైన చెరగని సిరా రావడమూ ఆ ఎన్నికల్లోనే.

తెలంగాణ పిల్లలైతే 1952లో నల్గొండలో కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి గారికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయన్న మాట ఎక్కడో విని ఉంటారు. నిజమే. అయితే ఆ నియోజకవర్గంలో ఇద్దరు సభ్యులు, ఓటరుకు రెండు ఓట్లు, రెండూ ఒకరికే వేయకూడదు. నెహ్రూ నిలబడ్డదీ అలాంటి ద్విసభ్య స్థానమే. ఆ సంగతి చెప్పకుండా అంకెలు మాత్రం చెబితే పిల్లలకు సగమే చేరుతుంది.

ఇక పోలింగ్. నలుగురు సిబ్బంది చాలు. పీఓ ఒకరు. మొదటి ఓపీఓ పేరు గట్టిగా చదివి, మార్క్‌డ్ కాపీలో, అంటే ఓటుకు వచ్చినవారిని గుర్తు పెట్టుకునే జాబితాలో, గీత కొడతాడు. రెండో ఓపీఓ రిజిస్టరులో సంతకం తీసుకుని ఎడమ చూపుడు వేలికి గుర్తు పెడుతుంది. పర్మనెంట్ మార్కరు సరిపోతుంది, స్కెచ్ పెన్ను చెమటకే పోతుంది. మూడో ఓపీఓ బ్యాలెట్ మడత ఎలా పెట్టాలో చూపించి ఇస్తాడు. జట్టుకో ఏజెంటు ఎదురుగా జాబితా పట్టుకుని కూర్చోవాలి. టీవీ అట్టపెట్టెను ఒక పక్క తీసేసి టేబులు మీద పెడితే ఓటు వేసే చోటు తయారవుతుంది. తెరిచి ఉన్న వైపు గోడకు ఎదురుగా ఉండాలి, ఫ్యాను కింద మాత్రం వద్దు, కాగితాలు ఎగురుతాయి. మొదలుపెట్టే ముందు ఖాళీ పెట్టె తలకిందులు చేసి ఏజెంట్లకు చూపించి, మూత మీద కాగితపు సీలు అంటించి వాళ్ల సంతకాలు పెట్టించాలి. అసలు ఎన్నికల్లో దీని చోటున యంత్రంలో కనీసం 50 ఓట్లతో మాక్ పోల్ (నమూనా పోలింగ్) జరుగుతుందని, తర్వాత ఆ ఓట్లను చెరపడం మరిచిపోవడమే పీఓలు ఎక్కువగా భయపడే తప్పని ఇక్కడ చెబుతాను.

ఒక్కో ఓటరుకు ముప్పావు నిమిషం పడుతుంది. నలభై మందికి అరగంట, తడబాట్లతో నలభై నిమిషాలు. రెండో ఓపీఓ దగ్గరే వరస ఆగిపోతుంది, సంతకం, గుర్తు రెండూ ఆమెకే కదా. ఆ కుర్చీలో నెమ్మదస్తులను కూర్చోబెట్టకూడదు.

మధ్యలో రెండు చిక్కులు తెప్పిస్తాను. ఒక పిల్ల ముందే వచ్చి ఇంకో పిల్ల పేరు చెప్పి ఓటు వేసేస్తుంది. ఏజెంట్లు పట్టుకుంటే ఆ పేరు ఆమెది కాదని ఛాలెంజ్ చేయొచ్చు, అసలు ఎన్నికల్లో దానికి రెండు రూపాయలు కట్టాలి, మేం రెండు కాగితం ముక్కలు తీసుకుంటాం. పట్టుకోకపోతే అసలు పిల్ల వచ్చేసరికి తన పేరు మీద గీత ఉంటుంది. ఆమెకు టెండర్డ్ ఓటు ఇవ్వాలి: బ్యాలెట్ ఇస్తారు కానీ పెట్టెలో వేయరు, విడి కవరులో పెడతారు, మామూలు లెక్కింపులో అది రాదు. ‘మరి ఎందుకివ్వడం?’ అని అడుగుతారు. కోర్టుకు వెళ్తే ఆధారం అదేనని చెబుతాను.

పెట్టె మూసి ఓట్ల లెక్క రాయించడం నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన పావుగంట. వచ్చిన బ్యాలెట్లు 50, ఇచ్చినవి 38, పాడైతే వెనక్కి తీసుకున్నది 1, వాడనివి 11. రిజిస్టరులో సంతకాలు 38. ఏజెంట్లకు తలో నకలు సంతకంతో ఇవ్వాలి, అసలు ఎన్నికల్లో ఓట్ల లెక్క రాసే ఫారం 17సి ఇచ్చినట్టు. మర్నాడు పెట్టెలో 37 తేలితే ఎవరి సంచీలూ వెతకకూడదు. ‘ఒకటి తక్కువ’ అని రాసి సంతకాలు తీసుకుంటే సరి. తేడా దాచడం తప్పుగానీ, తేడా రావడం తప్పు కాదని అప్పుడు తెలుస్తుంది.

లెక్కింపులో చెల్లని ఓట్ల దగ్గర తప్పకుండా గొడవ అవుతుంది. ముందురోజే ఎనిమిది నమూనా బ్యాలెట్లు చార్టు మీద అంటించి తీర్పు చెప్పిస్తాను. ఇద్దరికి ముద్ర వేస్తే చెల్లదు. ఏమీ వేయకపోతే చెల్లదు. పేరు రాసినా, ఓటరు ఎవరో తెలిసే గుర్తు పెట్టినా చెల్లదు. ఒకే గుర్తు మీద రెండుసార్లు వేస్తే చెల్లుతుంది, ఉద్దేశం స్పష్టమే కాబట్టి. ముద్ర మసకగా పడినా అంతే. రెండు గళ్ల మధ్య గీత మీద పడి ఎవరికో తేలకపోతే చెల్లదు. మడతపెట్టినప్పుడు సిరా ఎదుటి గుర్తు మీద అంటిందనుకోండి, అసలు ముద్రకు అది అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటుంది. దాన్ని చూసి తేల్చడం పిల్లలకు మహా సరదా. మొదట నిలువుగా, తర్వాత అడ్డంగా మడవమనేది ఈ చిక్కు తప్పించడానికే.

డిపాజిట్ లెక్క చేయించడం మరవను. పోలైనవి 37, చెల్లనివి 2, నోటాకు 2, అంటే అభ్యర్థులకు వచ్చినవి 33. ఆరో వంతు ఐదున్నర. ఐదు వచ్చినవారికి డిపాజిట్ గల్లంతు, ఆరు వస్తే దక్కుతుంది. నోటా ఈ లెక్కలో కలవదు. 2013 నుంచి ఉన్న ఈ మీటకు అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినా గెలిచేది అభ్యర్థుల్లో మొదటివారేనంటే పిల్లలు నమ్మరు. సమానంగా వస్తే చీటీ తీస్తాం, అసెంబ్లీ ఎన్నికల్లోనూ అదే చట్టం. 2008లో రాజస్థాన్ నాథ్‌ద్వారాలో కాంగ్రెస్ నాయకుడు సి.పి. జోషి ఒక్క ఓటుతో ఓడిపోయిన సంగతి చెబితే చీటీ దాకా ఎందుకొస్తామో ఇంకేం వివరించక్కర్లేదు.

ఎవరికి వేశావని పరీక్షలోనూ, మామూలుగానూ అడగను. ‘రిజిస్టరులో 38, పెట్టెలో 37. మూడు కారణాలు రాయండి’ అన్న ప్రశ్న ఇస్తాను. గెలిచిన జట్టు మర్నాడు ప్రార్థనలో బాధ్యత తీసుకుంటుంది. కాగితాలన్నీ సీలు వేసిన కవర్లలో హెచ్ఎం గారి బీరువాలో ఉంటాయి. ఎన్నికల పిటిషన్‌కు చట్టం ఇచ్చే 45 రోజులను మేం ఐదు రోజులు చేసుకున్నాం. ఈలోగా ఎవరూ రాకపోతే ఆ బ్యాలెట్లు చింపేసి, మార్క్‌డ్ కాపీ, ఓట్ల లెక్క మాత్రం వచ్చే ఏడు పిల్లలకు నమూనాగా ఉంచుకుంటాను, పేర్లు నల్లరంగుతో కొట్టేసి.