కార్బన్ నైట్రైడ్ పొర: చిక్కంతా నైట్రోజన్‌తోనే

సిలికాన్ మీద కార్బన్ నైట్రైడ్‌ని పల్చటి పొరగా వేయడానికి వాక్యూమ్ ఛాంబర్‌లో గ్రాఫైట్ దిమ్మని (టార్గెట్) లేజర్‌తో కొడతాను. కార్బన్ ఎలాగూ వస్తుంది. నైట్రోజన్ అలా లొంగదు. దాని అణువులో బంధం తెగాలంటే దాదాపు 9.8 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి, కాబట్టి ఛాంబర్‌లోకి ఉత్త గ్యాస్ వదిలితే పొరలోకి చేరేది కొంచెమే. అందుకే లేజర్‌కి తోడు 13.56 మెగాహెర్ట్జ్ ఆర్‌ఎఫ్ ప్లాస్మా (రేడియో తరంగాలతో విద్యుదావేశం పొందిన గ్యాస్) పెడతాను.

సిలికాన్ ముక్కల్ని అసిటోన్‌లో, తర్వాత ఐసోప్రొపనాల్‌లో పదేసి నిమిషాలు అల్ట్రాసోనిక్‌లో ఉంచి, నైట్రోజన్‌తో ఆరబెడతాను. పక్కనే ఒక క్వార్ట్‌జ్ ముక్క కూడా బిగిస్తాను, అదెందుకో తర్వాత చెప్తా. టర్బో పంపుతో ఛాంబర్‌లోని గాలిని 10⁻⁴ పాస్కల్ దాకా లాగాక, పంపుకీ ఛాంబర్‌కీ మధ్య ఉండే గేట్ వాల్వ్ మూసి ప్రెషర్ చూడాలి. ఆగకుండా ఒకే వేగంతో పెరుగుతుంటే ఎక్కడో లీకుంది. పెరిగి పెరిగి నెమ్మదిస్తే గోడలకు పట్టిన తేమ, ఛాంబర్‌ని వేడిచేస్తే పోతుంది. ఈ పరీక్ష ఎగ్గొడితే పొరలో ఆక్సిజన్ తేలుతుంది.

లేజర్ ఎన్‌డీ-యాగ్, 532 నానోమీటర్లు, 10 హెర్ట్జ్ (సెకనుకి పది పల్స్‌లు). టార్గెట్ మీద మచ్చ 2 చదరపు మిల్లీమీటర్లు, పల్స్‌కి 100 మిల్లీజౌళ్లు. అంటే చదరపు సెంటీమీటరుకి 5 జౌళ్లు. ఇంతకు మించితే గ్రాఫైట్ తునకలు ఎగిరొచ్చి పొర మీద నల్లటి గింజల్లా అతుక్కుంటాయి. టార్గెట్ తిరుగుతూ ఉండాల్సిందే. ఒకేచోట కొడితే గుంట పడి, ప్లూమ్ (టార్గెట్ నుంచి లేచే మెరిసే ఆవిరి) లేజర్ వచ్చే వైపుకి వాలిపోతుంది, పొర మందం ఒక పక్కకి ఒరుగుతుంది. లేజర్ కిటికీకి లోపలివైపు కూడా కార్బన్ పడుతుంది. రన్‌కి ముందు కొలిచిన ఎనర్జీ చివర్లో ఉండదు, తర్వాత కూడా కొలవాలి.

షట్టర్ (ముక్కలకి అడ్డం పెట్టే రేకు) మూసి టార్గెట్‌ని రెండు మూడు నిమిషాలు లేజర్‌తో కొట్టాక నైట్రోజన్ 10 పాస్కల్, ఆర్‌ఎఫ్ 100 వాట్లు, ప్లాస్మాలోకి పోకుండా వెనక్కొచ్చే పవర్ 5 వాట్ల లోపు, టార్గెట్‌కీ సబ్‌స్ట్రేట్‌కీ (పొర పడే ముక్కకీ) మధ్య 4 సెంటీమీటర్లు. ప్లూమ్ రంగు చూసి చెప్పొచ్చని కొందరంటారు. 532 నానోమీటర్ల లేజర్ వెలుగును ఆపే కళ్లజోడు పెట్టుకున్నాక ఊదా లేదు, ఆకుపచ్చా లేదు! స్పెక్ట్రోమీటర్‌నే నమ్మాలి: 388 నానోమీటర్ల దగ్గర సీఎన్ (కార్బన్, నైట్రోజన్ జంట) వెలుగు బ్యాండ్, 516 దగ్గర సీ2 (రెండు కార్బన్‌ల జంట). సీఎన్ తగ్గితే ముందు ప్లాస్మా మ్యాచింగ్ (ఆర్‌ఎఫ్ పవర్ ప్లాస్మాలోకి సరిగ్గా చేరేలా చేసే సర్దుబాటు) చూస్తాను.

సబ్‌స్ట్రేట్‌ని బాగా వేడిచేస్తే పొర మెరుగవుతుందనుకుంటారు. కానీ వేడి పెరిగేకొద్దీ నైట్రోజన్ కార్బన్‌తో కలిసి సయనోజెన్ అనే గ్యాస్‌గా ఎగిరిపోతుంది. 200 డిగ్రీలు దాటించను. ఆ గ్యాస్ విషం, కాబట్టి పంప్ ఎగ్జాస్ట్ బయటికే పోవాలి.

పొర 200 నానోమీటర్లు దాటితే నాకు అనుమానమే. లోపలి ఒత్తిడికి తోడు తేమగాలి తగిలితే పాము మెలికల్లాంటి ఉబ్బులు లేచి, రేకులు రేకులుగా ఊడుతుంది. వాక్యూమ్‌లోనే చల్లారనిచ్చి, పొడి నైట్రోజన్‌తో ఛాంబర్ తెరవాలి.

ఇక కొలతలు. 1989లో లియు, కోహెన్ అనే శాస్త్రవేత్తలు లెక్కగట్టిన బీటా సీ3ఎన్4 అనే కార్బన్ నైట్రైడ్ స్ఫటికానికి 57 శాతం నైట్రోజన్ కావాలి. ఇలాంటి పొరల్లో సాధారణంగా వచ్చేది 20 నుంచి 40. ఎక్స్-రే డిఫ్రాక్షన్‌లో (స్ఫటిక నిర్మాణం చూపే పరీక్షలో) సన్నటి పీకులు కనబడగానే సంబరపడొద్దు: సిలికాన్ నైట్రైడ్‌దీ అదే నిర్మాణం, సిలికాన్ సబ్‌స్ట్రేట్ నుంచే అది పుట్టి ఉండొచ్చు. క్వార్ట్‌జ్ ముక్క మీద కూడా అవే పీకులుంటే అప్పుడు ఆలోచిద్దాం. ఎక్స్‌పీఎస్‌లో (పొర పైభాగంలో ఏ మూలకం ఎంతుందో ఎక్స్-రేలతో కొలిచే పరీక్షలో) పైమురికి పోవాలని ఆర్గాన్ అయాన్లతో గీకితే కార్బన్ కన్నా నైట్రోజనే ముందు లేచిపోతుంది. అందుకని గీకకముందు శాతం, గీకాక శాతం రెండూ రాసిపెడతాను.