నా పికప్ ట్రక్కు మళ్ళీ లాగడం ఎలా మొదలెట్టిందంటే

నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న డీజిల్ పికప్, డబుల్ క్యాబ్, 2.5 లీటర్ల టర్బో ఇంజన్, మాన్యువల్ గేర్లు, ఫోర్ వీల్ డ్రైవ్. కొన్నప్పటి నుంచీ ఒకటే గోల, యాక్సిలరేటర్ తొక్కితే సౌండ్ వస్తుంది కానీ బండి రాదు. ఓవర్‌టేక్ చేయాలంటే ముందు చాలా ఆలోచించాలి. తెలిసినవాళ్ళని ఎవర్ని అడిగినా ఒకటే మాట, రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి పవర్ పెంచడం) చేయించు బ్రో, 30 హార్స్‌పవర్ ఫ్రీగా వస్తుంది అని. నాకేమో అది నచ్చలేదు. కంపెనీ ఇచ్చిన పవరే సరిగ్గా చక్రాల దాకా వెళ్ళట్లేదేమో అని డౌటు, ఆ పవర్ ఎక్కడ పోతుందో తెలీకుండా పైనుంచి ఇంకా పోస్తే లాభమేంటి?

సో ముందు కొలవడం మొదలెట్టా. కాలికి తెలిసే ఫీలింగ్‌ని అస్సలు నమ్మకూడదు, డబ్బు పెట్టి ఏది బిగించినా ఫాస్ట్ అయినట్టే అనిపిస్తుంది మరి. 0 నుంచి 100 కూడా కొలవలేదు, అందులో మన క్లచ్, గేర్ పనితనం కలిసిపోతుంది. ఫోర్త్ గేర్‌లో 60 నుంచి 100 దాకా ఫుల్‌గా తొక్కి పట్టడం, ఖాళీగా ఉన్న సాఫీ రోడ్డు, రెండు వైపులా వెళ్ళి యావరేజ్ తీయడం, ట్యాంకులో డీజిల్ ఇంచుమించు ఒకేలా ఉంచడం, అంతే. స్పీడోమీటర్ కాదు, జీపీఎస్ స్పీడ్ చూడాలి, ఎందుకో కింద టైర్ల దగ్గర చెప్తా. మొదటి లెక్క 15 సెకన్ల పైనే వచ్చింది. చూసి నవ్వొచ్చింది నిజంగా.

తర్వాత చిన్న ఓబీడీ డాంగిల్ (బండి కంప్యూటర్ లెక్కలు చదివే ప్లగ్) పెట్టి బూస్ట్, అంటే టర్బో ఇంజన్‌లోకి నెట్టే గాలి ప్రెజర్, చూసా. మొత్తం కథ ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. ఇంజన్ ఆపి ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేస్తే మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి పంచే గొట్టం) ప్రెజర్ దాదాపు 100 కిలోపాస్కల్ చూపిస్తుంది, అది బయట గాలి ప్రెజరే (ఎత్తైన కొండ ప్రాంతాల్లో ఇంకా తక్కువ ఉంటుంది). ఫుల్ థ్రాటిల్‌లో నా ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) 220 అడుగుతోంది, వచ్చేది 160 దాటట్లేదు. అంటే బయటి గాలి 100 తీసేస్తే టర్బో ఇవ్వాల్సింది 120, ఇంజన్‌కి అందుతోంది 60, సగం! పైగా తొక్కితే వెనక నల్ల పొగ. పొగకీ దీనికీ లింకు ఉంది, ఎయిర్ ఫ్లో సెన్సర్ ఫిల్టర్ తర్వాత వెంటనే గాలిని కొలిచేస్తుంది, ఆ గాలి దారిలో ఎక్కడో లీకైపోతే ఈసీయూకి తెలీదు, లెక్క ప్రకారం డీజిల్ కొడుతూనే ఉంటుంది, గాలి చాలక అది మసి అయి బయటికొస్తుంది.

లీక్ పట్టుకోవడానికి టర్బో ఇన్‌లెట్ పైపు ఊడదీసి దానికి సరిపోయే మూత బిగించి, కంప్రెసర్‌తో రెగ్యులేటర్ మీద మెల్లగా ఒక బార్ వరకు గాలి నింపి, ప్రతి జాయింట్ మీదా సబ్బు నీళ్ళు కొట్టుకుంటూ వెళ్ళాం నేనూ మా తమ్ముడూ. మూతకి ఎదురుగా మాత్రం నిలబడకండి, ఊడితే బుల్లెట్‌లా వస్తుంది. ఇంకోటి, వాల్వులు కొన్ని తెరిచి ఉంటాయి కాబట్టి ఇంజన్ లోపలికి కొంచెం గాలి పోవడం మామూలే, దానికి కంగారు పడక్కర్లేదు. మాకు దొరికింది ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) నుంచి ఇంజన్‌కి వచ్చే రబ్బర్ హోస్, అడుగు వైపు చీలిక, చేత్తో తడిమితే తెలీదు, ప్రెజర్ ఎక్కితేనే నోరు తెరుస్తుంది. హోస్ చుట్టూ నూనె తడి ఉంది, లీకైన చోట ఆ జిడ్డు చాలాసార్లు కనిపిస్తుంది, ముందు అదే వెతకండి. హోస్, క్లాంపులు కొత్తవి వేస్తే బూస్ట్ 210 దాకా వచ్చింది కానీ లేటుగా ఎక్కుతోంది. చూస్తే టర్బో వేన్లని (లోపలి చిన్న రెక్కల్ని) కదిపే యాక్చువేటర్‌కి వెళ్ళే సన్న వాక్యూమ్ పైపు ఎండిపోయి పగిలింది. కంటికి ఆనని ముక్క, అదీ మార్చాక ఆర్‌పీఎం 1800 దాటగానే బండి లాగడం తెలిసింది. నల్ల పొగ కూడా చాలావరకు పోయింది.

ఈజీఆర్ వాల్వ్ (పొగలో కొంత మళ్ళీ ఇంజన్‌లోకి పంపేది), మానిఫోల్డ్ విప్పి మసి క్లీన్ చేయించా, కింద ఆర్‌పీఎంలో కాస్త స్మూత్ అయింది, అంతకుమించి లేదు. ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ మామూలువే కొత్తవి వేసా. స్పోర్ట్స్ ఫిల్టర్ల జోలికి వెళ్ళలేదు, కంపెనీ ఫిల్టర్ శుభ్రంగా ఉంటే ఇలాంటి డీజిల్‌కి అది అడ్డేమీ కాదు.

బ్రేకుల సంగతి ఎవరూ చెప్పరు. కాసేపు బ్రేక్ పెద్దగా వాడకుండా నడిపి ఆపి చక్రాల దగ్గర వేడి చూసా, ముందు ఎడమ చక్రం మిగతావాటికంటే బాగా కాలుతోంది. కాలిపర్ (బ్రేక్ ప్యాడ్లని డిస్క్‌కి నొక్కేది) స్లైడ్ పిన్నులు బిగుసుకుపోయి ప్యాడ్ ఎప్పుడూ డిస్క్‌ని రాస్తూనే ఉంది, ఎద్దు బండి లాగుతుంటే వెనక నుంచి ఎవడో పట్టుకున్నట్టు. పిన్నులు క్లీన్ చేసి సిలికాన్ గ్రీజు పెడితే పోయింది.

ఇక టైర్లు. ముందు ఓనర్ 245/70 ఆర్16 తీసేసి 265/75 ఆర్16 వేసాడు, చూడ్డానికి భలే ఉంటుంది ఒప్పుకుంటా. కానీ లెక్క వేస్తే డయామీటర్ 749 మిల్లీమీటర్ల నుంచి 804కి పెరిగింది, అంటే 7 శాతం. నా బండి డిఫరెన్షియల్ రేషియో (చక్రం ఒకసారి తిరగాలంటే గేర్‌బాక్స్ నుంచి వచ్చే షాఫ్ట్ ఎన్నిసార్లు తిరగాలో ఆ లెక్క) 3.73, టైరు అంత పెరిగితే అది దాదాపు 3.48లా పనిచేస్తుంది, అన్ని గేర్లూ కొంచెం పొడుగైనట్టు లెక్క. బరువు కూడా ఎక్కువ, అదీ తిరిగే బరువు. పైగా స్పీడోమీటర్ 100 చూపిస్తే బండి 107 దగ్గర్లో ఉండొచ్చు, అందుకే జీపీఎస్ అన్నా. పెద్ద టైర్లే కావాలంటే డిఫరెన్షియల్‌లో 4.10 గేర్లు వేసుకోవచ్చు, కానీ ఫోర్ వీల్ బండికి ముందూ వెనకా రెండూ మార్చాలి, ఒకటే మారిస్తే ఫోర్ వీల్ వేసినప్పుడు రెండు యాక్సిళ్ళూ ఒకదాన్నొకటి గుంజుకుని ఏదో ఒకటి విరుగుతుంది. నాకంత అక్కర్లేదు, మళ్ళీ పాత సైజుకే వచ్చేసా. దాంతోపాటు ఇనుప రూఫ్ ర్యాక్, ట్రేలో ఎప్పుడూ వాడని టూల్ బాక్స్ దించేసా, అంతా కలిపి 150 కిలోలు దాకా ఉంటాయి. రెండు టన్నుల బండికి అది 7 శాతం పైనే, ఒక్క బోల్ట్ కూడా కొనకుండా వచ్చిన యాక్సిలరేషన్.

మధ్యలో ఒక ఫ్రెండ్ తన పెడల్ బాక్స్ ఇచ్చాడు ట్రై చెయ్యమని. అది చేసేదల్లా పెడల్ సిగ్నల్‌ని పెంచి చూపించడం, మనం 30 శాతం తొక్కితే ఈసీయూకి 60 అని చెప్తుంది. ఫుల్‌గా తొక్కితే ఫుల్ ఫుల్లే కదా, నా 60 నుంచి 100 టైములో తేడా సున్నా. సిటీలో మాత్రం చురుగ్గా అనిపిస్తుంది, ఆ అనిపించడానికే జనం కొంటున్నారు, తిరిగి ఇచ్చేసా.

ఇవన్నీ అయ్యాక అదే రోడ్డు మీద కొలిస్తే 11 సెకన్ల లోపు వచ్చింది. అప్పుడు రీమ్యాప్ గురించి సీరియస్‌గా మాట్లాడా. లీక్ ఉండగా రీమ్యాప్ చేయించి ఉంటే ఆ బూస్ట్ నింపడానికి టర్బో ఓవర్‌స్పీడ్‌లో తిరిగేది, డీజిల్ ఎక్కువై ఎగ్జాస్ట్ టెంపరేచర్ పెరిగేది. ట్యూనర్ డీపీఎఫ్ (పొగలో మసి పట్టే ఫిల్టర్), ఈజీఆర్ కూడా తీసేద్దామన్నాడు, వద్దన్నా, చాలా దేశాల్లో అది చట్టవిరుద్ధం, వెనకొచ్చేవాళ్ళకి మసి తినిపించడం నాకిష్టం లేదు. డైనో (బండి పవర్ కొలిచే మెషిన్) మీద ముందు స్టాక్ రన్ తీసి, అంటే ఏమీ మార్చకుండా కొలిచి, తర్వాత మైల్డ్ ఫైల్ (కొద్దిగా మాత్రమే పవర్ పెంచే రీమ్యాప్) వేయించా, టార్క్ కింది ఆర్‌పీఎంలో ఒకేసారి ఎగరకుండా మెల్లగా ఎక్కేలా, ఎగ్జాస్ట్ టెంపరేచర్ గేజ్ కూడా పెట్టించా. టైము ఇంకో సెకను పైగా తగ్గింది.

కానీ ఇప్పుడు ఫిఫ్త్ గేర్‌లో లోడుతో ఎత్తు ఎక్కుతూ గట్టిగా తొక్కితే ఆర్‌పీఎం లేస్తుంది, స్పీడ్ పెరగదు, క్లచ్ జారుతోందన్నమాట. పాత క్లచ్ పాత టార్క్‌కే సరిపోయింది. కొత్తది పడేదాకా ఎత్తుల్లో ఫోర్త్‌కి దిగి సగం తొక్కి నడుపుతున్నా. క్లచ్ కోసం గేర్‌బాక్స్ ఎలాగూ దించుతారు కాబట్టి ఫ్లైవీల్, రిలీజ్ బేరింగ్, వెనక ఆయిల్ సీల్ కూడా అప్పుడే చూడమని చెప్పి పెట్టా.