నటన అయితే మాత్రం?

నిన్న రాత్రి మిత్రులతో కలిసి ‘ఫ్రాట్ హౌస్’ చూశాను. అమెరికా కాలేజీల సోదర సంఘాల్లో కొత్తగా చేరేవారికి పెట్టే చిత్రహింసలపై 1998లో వచ్చిన డాక్యుమెంటరీ అది. అమెరికాలోని సన్‌డాన్స్ చిత్రోత్సవంలో బహుమతి గెలిచింది. డబ్బిచ్చి కొన్ని దృశ్యాలు నటింపజేశారన్న ఆరోపణలు రావడంతో హెచ్‌బీఓ టీవీ చానల్ దాన్ని ప్రసారం చేయలేదు.

ఆ సంగతి చెప్పగానే ‘అయితే అంతా నటనేలే’ అని ఒకరు తేలిగ్గా నిట్టూర్చారు. నాకు మాత్రం ఊరట కలగలేదు. తెరపై కుక్కల బోనులో మనిషిని చూడగానే, హాస్టల్లో చొక్కా మూడో గుండీ మీదే చూపు నిలిపి గంటలకొద్దీ నిలబడిన నా మొదటి నెల గుర్తొచ్చి చేతులు చల్లబడ్డాయి. అది నటన కాదు.

మాలో ఒకాయన చివరిదాకా నోరు విప్పలేదు. ఆ రోజుల్లో ఆయన మాకు సీనియర్. వెళ్తూ వెళ్తూ నా భుజం మీద చెయ్యి వేసి, చాలాసేపు తీయలేదు.