మొదటి అంతస్తు ఖాళీ అయింది

పదకొండు కావస్తోంది, నిద్ర పట్టటం లేదు. ఆయన ఎప్పుడో పడుకున్నారు. పొద్దున మా ఇంటి మొదటి అంతస్తు తూర్పు పోర్షన్‌లో అద్దెకున్న అబ్బాయి వాళ్ళు, వాళ్ళ పాపతో సహా, ఖాళీ చేసి వెళ్ళారు. 2019 జూన్‌లో పాలు పొంగించారు, మళ్ళీ జూన్‌లోనే సామాను ఎత్తారు. వ్యాను సందు మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను. పాప తన మల్లె కుండీ నాకిచ్చి, "సాయంత్రం పూట నీళ్ళు పోయాలి, పొద్దున కాదు టీచర్ గారూ" అని రెండుసార్లు చెప్పింది. పోశాను.

నిద్ర పట్టనిది అందుకు కాదు. అడ్వాన్సు లెక్క.

వాళ్ళది రెండు నెలల అద్దె, 28,000. అందులో ఒక నెల అద్దె రంగుల ఖర్చు కింద పట్టుకుని 14,000 చేతికిచ్చాను. హైదరాబాదులో ఇల్లున్న వాళ్ళందరూ చేసేదే. అగ్రిమెంటులో కూడా ఉంది. అందరిలాగే మేమూ పదకొండేసి నెలలకు రాసుకుంటూ వచ్చాం, తిరగరాసిన ప్రతిసారీ ఆ రంగుల మాట అలాగే దిగింది. ఆ అబ్బాయికీ తెలుసు. నోట్లు లెక్క కూడా పెట్టుకోకుండా, "సరే టీచర్ గారూ" అని జేబులో పెట్టుకున్నాడు. బేరమాడి ఉంటే బాగుండేది. నాలుగు మాటలు అని ఉంటే నేనూ నాలుగు అని, ఈ పాటికి హాయిగా పడుకునేదాన్ని.

నేను చేసింది తప్పేమీ కాదు. మధ్యాహ్నం మా ఆడపడుచు ఫోను చేసింది. "మీకేం వదినా, కూర్చున్న చోటికే అద్దెలు వస్తాయి" అంది. ఇరవై ఏళ్ళుగా వింటున్న మాటే అయినా ఈ రోజు ఒళ్ళు మండింది. కూర్చున్న చోటికి ఏమొస్తాయో నాకు తెలుసు. నాలుగు పోర్షన్లూ నిండుగా ఉంటే నెలకు 44,500. నిండుగా ఉన్న సంవత్సరం ఏది? పైన ఒంటి గది ఈ ఏడాది మూడు నెలలు ఖాళీ, 18,000 పోయింది. ఇంటి పన్ను ఏప్రిల్‌లోనే కట్టేస్తే 5 శాతం తగ్గుతుందని పింఛను డబ్బు తీసి కట్టాను. మోటారు కాలిపోతే రివైండింగ్ 4,800, ఎనిమిది నెలలు తిరక్కుండా మళ్ళీ కాలింది. మేడ మీద ట్యాంకు పగిలింది. మూడుసార్లు డ్రైనేజీ నిండింది, మనిషిని పిలిపించి తీయిస్తే గుడ్డ పేలికలూ జుట్టూ వచ్చాయి. ఎవరి ఇంట్లోవో ఎవరూ ఒప్పుకోరు. ఆదాయపు పన్ను లెక్కలో మరమ్మతులకని 30 శాతం తీసేస్తారు, అంతకంటే ఎక్కువ ఖర్చయినా తీసేది ఆ 30 శాతమే. నీళ్ళకు మాకు ఒకటే కనెక్షన్, ఒకటే మీటరు. నెలకు 20,000 లీటర్లు ఉచితమంటే వినటానికి బాగానే ఉంటుంది, ఐదు కుటుంబాలకు అవి నెల సగం కాకముందే అయిపోతాయి.

ఇక రెండో అంతస్తు కుర్రాళ్ళ మోటారు సంగతి. స్విచ్ వేస్తారు, స్నానాలు చేస్తారు, డ్యూటీకి వెళ్ళిపోతారు. ట్యాంకు నిండి పడమటి గోడ మీదుగా ధార కడుతుంది. ఆ గోడంతా పాచి, కింద వేప చెట్టు మొదట్లో బురద. కరెంటు ఉమ్మడి మీటరుది, కట్టేది మేము. ట్యాంకు నిండగానే దానంతట అదే ఆగే స్విచ్ పెట్టిస్తే బోరు నీళ్ళ ఉప్పు పేరుకుని ఆరు నెలల్లో పనిచేయటం మానేసింది. "నిండగానే ఆపండి" అని అట్ట మీద రాసి స్విచ్ పైన అంటించాను. ఆ అట్ట కిందే నిలబడి ఫోనులో మాట్లాడుతూ ఆపకుండా వెళ్ళిపోయిన వాడిని ఈ కళ్ళతో చూశాను. అరవై మూడేళ్ళ మనిషిని, రోజుకు రెండుసార్లు మెట్లెక్కి ట్యాంకులోకి తొంగి చూస్తున్నాను. దీన్ని కూర్చోవటం అంటారా?

పైగా ఆషాఢం వచ్చేస్తోంది. బళ్ళు తెరిచే ముందే ఇళ్ళు మారేవాళ్ళంతా మారిపోతారు. ఇప్పుడు ఖాళీ అయిన పోర్షన్‌లో ఇక శ్రావణమాసం వస్తే గానీ ఎవరూ పాలు పొంగించరు. సాయంత్రం టూలెట్ బోర్డు కట్టాక తొమ్మిది ఫోన్లు వచ్చాయి. అందులో ఆరు బ్రోకర్లవి. ఒకాయన మాత్రం మేడ ఎక్కి వచ్చి అన్నీ చూసి, తలుపు దేవుడి గది వైపు తెరుచుకుంటోందని వెళ్ళిపోయారు. ఈ లెక్కన తక్కువలో తక్కువ నెలన్నర అద్దె పోయినట్టే. ఆ 14,000 పట్టుకోవటంలో అన్యాయమేముంది అని పొద్దుటి నుంచీ నాకు నేనే చెప్పుకుంటున్నాను.

ఏడింటికి టార్చి తీసుకుని పైకి వెళ్ళాను. ట్యూబులైట్లు వాళ్ళవే కాబట్టి తీసుకెళ్ళారు. స్విచ్చులూ పంపులూ చూసుకుని, హాల్లో గోడ వారగా నడుస్తుంటే టార్చి వెలుగు అడ్డంగా పడి గోడ మీద గుండ్రటి మచ్చలు కనిపించాయి. రూపాయి బిళ్ళంత. చేత్తో తడిమితే చుట్టూ ఉన్న గోడ కంటే నున్నగా ఉన్నాయి. మేకులు తీసేసి, పుట్టీ నింపి, గరుకు కాగితంతో రుద్ది, పైన రంగు అద్దారు. రంగు ఒక్క పిసరు తేడా. హాల్లో ఐదు, పడక గదిలో నాలుగు. వంటింటికి రంగు రెండేళ్ళ కిందట సంక్రాంతికి వాళ్ళే వేయించుకున్నారు, ఆ సంగతి నాకు అక్కడ నిలబడ్డాక గుర్తొచ్చింది.

మా అమ్మ అయితే సున్నంతో పూడ్చింది.

నా చిన్నప్పుడు సత్యనారాయణపురంలో మేము అద్దెకున్న ఇంటి గురించి ఇంతకు ముందు కొంత రాశాను. నడి మధ్య వాకిలి, చుట్టూ ఐదు వాటాలు, ఒక నుయ్యి, ఒక పంపు. కరెంటు మీటరు ఒక్కటే, ఇంటివారు పాయింటుకు ఇంతని వసూలు చేసేవారు. రాత్రి పది కొట్టగానే మెయిన్ ఆపేసేవారు. 1978లో నా పదో తరగతి పరీక్షలు ఆ పది గంటల తరువాత కిరసనాయిలు దీపం దగ్గరే సాగాయి. నాన్నకు కాజీపేట బదిలీ అయింది, ఆ వేసవిలోనే ఖాళీ చేశాం. వెళ్ళే రోజు ఇంటాయన చిన్న నోటు పుస్తకం, చెవి సందున పెన్సిలు పెట్టుకుని వచ్చారు. గది గదికీ వెళ్ళి గోడలకున్న మేకులు లెక్కపెట్టారు. పదిహేడు. మేకుకు రూపాయి. వెల్ల వేయించటానికి విడిగా. అడ్వాన్సులోంచి అవి తీసేసి మిగిలింది నాన్న చేతిలో పెట్టారు. నాన్న నమస్కారం పెట్టారు. అప్పుడు నాకు కోపం వచ్చింది ఆ నమస్కారం మీదే.

ఆయన వెళ్ళాక అమ్మ కొంగు బొడ్లో దోపింది. పట్టకారు తెచ్చి ఒక్కొక్క మేకునూ పట్టి, అటూ ఇటూ కదిపి లాగింది. "డబ్బు ఇచ్చాం కదా, మేకులు మనవే" అంది. కేలండరు మేకు, దేవుడి పటం మేకు, నా సంచీ తగిలించుకునే మేకు. వంకర పోయిన వాటిని రోటి అంచున పెట్టి పొత్రంతో కొట్టి సాపు చేసింది. సంక్రాంతికి తడిపిన సున్నం కుండ అడుగున గట్టిపడి ఉంటే నీళ్ళు పోసి కలిపి, బొటన వేలితో పదిహేడు గుంతలూ పూడ్చింది. గోడల నిండా తెల్లగా వేలి ముద్రలు. రిక్షా వాడు బయట గంట కొడుతూనే ఉన్నాడు. ఎందుకమ్మా, ఎలాగూ డబ్బు పట్టుకున్నారు కదా అని విసుక్కున్నాను. జవాబివ్వలేదు. మేకులు హార్లిక్స్ సీసాలో పోసి మూత బిగించింది. కాజీపేట క్వార్టర్స్‌లో ఆ సీసాయే ముందు విప్పాం.

2004లో మేము ఈ ఇల్లు కట్టి గృహప్రవేశం చేసినప్పుడు అమ్మ మోకాళ్ళ నొప్పులతోనే రెండంతస్తులూ ఎక్కి చూసింది. "అద్దెకిచ్చే వాటాల్లో గదికి నాలుగు మేకులు నువ్వే కొట్టించి ఇవ్వు" అంది. అలాగేనన్నాను. కొట్టించలేదు. అంతటితో ఆగకుండా, కొత్త గోడలు పాడవుతాయని, "గోడలకు మేకులు కొట్టరాదు" అని అగ్రిమెంటులో రాయించాను. ఇరవై ఏళ్ళుగా ఆ వాక్యం కింద జనం సంతకాలు పెడుతున్నారు.

ఇందాక పైన నేను లెక్కలన్నీ రాసింది ఆ 14,000 న్యాయమని నిరూపించటానికే. ఆ ఖర్చులు నిజం. కానీ మోటారు కాల్చింది ఈ అబ్బాయి కాదు, ట్యాంకు పగలగొట్టింది అతను కాదు, ఆషాఢం అతను తెచ్చింది కాదు. ఇల్లు నాది, కాబట్టి ఆ నష్టమూ నాదే. రెండో అంతస్తు మీది కోపం మొదటి అంతస్తు దగ్గర వసూలు చేసినట్టయింది.

మొన్న మా అబ్బాయి 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం పంపాడు, కొత్త అగ్రిమెంటు రాసుకోవటానికి పనికొస్తుందని. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అది అమలవుతుంది. అందులో చివర ఒక పట్టిక ఉంది, ఏ మరమ్మతు ఎవరిదో. ఇందాక తీసి చదివాను. గోడల వెల్ల, తలుపులకూ కిటికీలకూ రంగులు ఇంటి యజమాని పని. పంపులు మార్చటం, స్విచ్చులూ సాకెట్లూ బాగు చేయించటం అద్దెకున్న వాళ్ళ పని. ఇంత తేలిగ్గా రాసి పెట్టి ఉంది. ఆరేళ్ళున్న ఇంటికి మళ్ళీ రంగులు వేయాల్సిందే, మనిషి బతికిన ఇల్లు అది. ఆ ఆరేళ్ళకూ అద్దె తీసుకున్నాను కదా.

ఆ పట్టిక ప్రకారమే అయితే స్నానాల గదిలో ఒక పంపు, వంటింట్లో ఒకటి కారుతున్నాయి, ఒక సాకెట్టు వదులైంది. అన్నీ కలిపి 900 వేశాను. 13,100 వెనక్కి ఇస్తే సరిపోతుందని కాగితం మీద రాసుకున్నాను కూడా. మళ్ళీ చూస్తే ఆ పంపులు 2004లో బిగించినవి. వీళ్ళు వచ్చేనాటికే వాటికి పదిహేనేళ్ళు. కొట్టేశాను.

రేపు శుక్రవారం. శుక్రవారం పూట ఇంట్లోంచి డబ్బు బయటికి ఇవ్వను, అత్తయ్యగారి కాలం నుంచీ ఇంట్లో ఉన్న పట్టింపు. శనివారం దాకా ఆగితే, పెయింటరు వచ్చి లెక్క చెప్పాక నా మనసు మళ్ళీ మారుతుంది. నా సంగతి నాకు తెలుసు.

ఫోను తీసి ఆ అబ్బాయి పేరు నొక్కాను. లాక్‌డౌన్ నుంచి పంపిన అద్దెలన్నీ వరుసగా ఉన్నాయి, నెల నెలా మూడో తేదీ, నాలుగో తేదీ. పైకి జరుపుకుంటూ పోతే 2020 మే దగ్గర 5,000 ఒక్కటే ఉంది. అప్పట్లో అద్దె 11,000. అతని జీతం సగం కోసిన నెల అది. దాని కిందే జూన్ అద్దె, ఆ తరువాత విడిగా 6,000, పక్కన "మే బాకీ" అని తెలుగులో టైపు చేసి ఉంది. నేను అడిగినట్టు గుర్తు లేదు. ఐదేళ్ళ వరుసలో అన్నీ అటు నుంచి ఇటు వచ్చినవే.

పదకొండు నలభై అయింది. 14,000 పంపాను. పొద్దున లేవగానే ఆయనకు చెప్పాలి.