చుక్కలు, గీతలు

మొన్న కావలిలో మా మేనకోడలు, ఆమె స్నేహితురాళ్లు ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్ల కాగితాలు, అంటే చేరాలనుకునే కళాశాలల జాబితాలు, నా ముందు పరిచారు. ఒక్కో కళాశాలకు ఒక చుక్క పెట్టాను. రెండు కళాశాలలు ఒకే జాబితాలో ఉంటే మధ్యన గీత. ఎంతమంది రాస్తే గీత అంత లావు. 1736లో గణితవేత్త ఆయిలర్ ఒక ఊరి వంతెనలన్నీ ఒక్కోసారే దాటగలమా అని వేసిన లెక్కతో మొదలైన విద్యే ఇది, పెన్సిలు చాలు.

నెల్లూరు, ఒంగోలు చుక్కలు ఒక గుత్తి. గుంటూరు, విజయవాడ మరో గుత్తి. రెంటినీ కలిపినది ఒకే ఒక్క కళాశాల. చదువు బాగుంటుందేమో అనుకున్నాను. కాదట, హాస్టల్లో తెలిసిన అక్క ఉందట!

సన్నని గీతలతో దూరంగా వేలాడుతున్న చుక్క ఒకటి మిగిలింది. విశాఖపట్నంలోది. రాసింది మా మేనకోడలు ఒక్కతే.

"నాన్నకు ఇంకా చూపించలేదు మామయ్యా" అంది, కాగితం మడుస్తూ.