భోగాపురం దగ్గర టప్‌మంది

"భోగాపురం" అనగానే హెడ్‌ఫోన్‌లో టప్‌మంది. వెంటనే "పూసపాటిరేగ". మళ్లీ టప్!

ఈరోజు విజయనగరంలో మా వీధి డిగ్రీ పిల్ల ఆకాశవాణి యువజన కార్యక్రమం యువవాణి ఆడిషన్‌కి ప్రాక్టీసు చేస్తోంది. గొంతు బంగారం. తప్పంతా మైకు పెట్టిన చోటుదే. నోటికి ఎదురుగా, బెత్తెడు దూరంలో ఉంటే ప, భ పలికినప్పుడు వచ్చే గాలి నేరుగా మైకు లోపలి పల్చటి పొర, డయాఫ్రమ్‌నే కొడుతుంది. జానెడు దూరం జరిపి కాస్త పక్కకి పెడితే గాలి తప్పుకుపోతుంది, మాట మాత్రం అందుతుంది. ఇంకా దూరమైతే గది మోత మొదలు.

కాగితాలకున్న పిన్ను తీసేయమ్మా. ఒకవైపే రాసుకో, పేజీ చివర వాక్యం తెగకూడదు. చదివిన కాగితం తిప్పకు, మెల్లగా పక్కకి జరుపు. ఆ గరగర మైకుకి నీ మాటంత గట్టిగా వినిపిస్తుంది.

మూడోసారి భోగాపురం శుభ్రంగా వచ్చింది. ఎంత హాయిగా ఉందో!